పుట్టుకయే నేరమైన దినములు

మహాశివరాత్రి తిరునాళ్లకు మేళ్లచెరువులో కృష్ణకు ఈవలివారును ఆవలివారును గుమిగూడుదురు. ఆ జనములో తట్టలు, బుట్టలు, చేటలు అమ్ము ఎరుకల స్త్రీలుందురు. తండాలనుండి వచ్చిన లంబాడీలుందురు. గృహిణి ఎరుకలసాని యెదుట తన చేయి చాపి, కొడుకు చదువును గూర్చియు కూతురి పెండ్లిని గూర్చియు అడుగును. ఆమె చెప్పిన మాటకు సంతోషించి చేటెడు బియ్యము పోయును. కాని ఆ సాయంకాలమే ఊరిలో ఒక బిందె పోయినచో మొదట ఎవరి గుడిసె వెదకుదురో చదువరులకు మేము చెప్పనక్కఱలేదు. మన భవిష్యత్తును ఆమె నోట వినగోరుదుము. ఆమె వర్తమానమును మాత్రము నమ్మము.

ఇది మన యిండ్లలోని చిన్న లోపమే కదా యని త్రోసివేయరాదు. ఈ యనుమానమే యొకప్పుడు చట్టమై, ప్రభుత్వ ముద్ర ధరించి, 1871 మొదలు 1952 వరకు 81 సంవత్సరములు ఈ దేశమున రాజ్యమేలినది. మనుష్యుడు చేసిన పనినిబట్టి గాక, అతడు పుట్టిన కులమునుబట్టి అతనిని నిర్బంధింపవచ్చునని ఆ చట్టము చెప్పెను. ఆ చరిత్రను, దానినుండి మనుష్యుని కాపాడుటకు పుట్టిన న్యాయరక్షణలను, ఆ రక్షణలలో నేటికిని మిగిలియున్న సందులను ఈ వ్యాసమున విచారింప దలచితిమి.

మేళ్లచెరువు నేడు సూర్యాపేట జిల్లాలోనిది. 2016 అక్టోబరునకు పూర్వము నల్లగొండ జిల్లాలోనిది. 1948కి పూర్వము నైజాం రాజ్యములోనిది. దీనికి దక్షిణమున కృష్ణానది. ఆవలియొడ్డున నాడు మద్రాసు రాజధానికి చేరిన గుంటూరు జిల్లా. తూర్పున జగ్గయ్యపేట వైపు నాటి కృష్ణా జిల్లా. ఒక నది రెండు ప్రభుత్వములను వేరుచేసెను గాని, సంచార జాతులకు ఏరు ఎన్నడును ఎల్ల గాలేదు. వారి బాట రెండు రాజ్యముల మీదుగాను సాగెడిది. ఒడ్డు దాటినంతనే తనకు వర్తించు చట్టము మారునని సంతకుపోవు బోయివాడు గాని, గాడిదను తోలుకొనిపోవు ఎరుకలవాడు గాని యెఱుగునా?

ఈ జాతుల పూర్వవృత్తాంతమును కొంచెము తెలిసికొనవలెను. ఎరుకలవారిలో ఉప్పు ఎరుకలు, కరివేపాకు ఎరుకలు, దబ్బ ఎరుకలు మున్నగు శాఖలు గలవు. ఈ పేర్లే వారి వృత్తులను చెప్పుచున్నవి. ఉప్పు ఎరుకలు సముద్రతీరపు ఉప్పును గాడిదలపై, ఎద్దులపై వేసికొని మెట్టప్రాంతములకు తెచ్చి, ధాన్యమునకు మార్చుకొని పోయెడివారు. దబ్బ ఎరుకలు వెదురుదబ్బలతో బుట్టలల్లెడివారు. లంబాడీలు వేలకొలది ఎద్దులపై పెరికెలు వేసి ధాన్యమును, ఉప్పును దూరదేశములకు చేరవేసెడివారు. సైన్యములు సయితము వారి బిడారులపై ఆధారపడియుండెను. బండిబాటలు లేని కాలమున ఊరికి ఉప్పు వచ్చినదనిన వీరి చలువయే.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున రైలుమార్గములు వచ్చెను. ఉప్పు తయారిపైని, అమ్మకముపైని కుంపిణీవారికి వారసులైన దొరల ప్రభుత్వపు పట్టు బిగిసెను. అడవులు ప్రభుత్వమువైనవి, మేతకు, వెదురుకు ఆంక్షలు కలిగెను. వెనుక కరవులు వచ్చెను. ఎద్దు, గాడిద తోలుకొని బ్రదుకువాని వృత్తి ఒక్క తరములో చెడెను. వృత్తి చెడినవారిలో కొందఱు కూలికి పోయిరి, కొందఱు సేద్యమునకు దిగిరి, కొందఱు దొంగతనమునకును దిగిరి. మేము ఈ కడపటి మాటను దాచము. ఆకలిగొన్నవాడు దొంగిలించుట ఏ కులములోనైనను గలదు. కాని ప్రభుత్వము ఆకలిని విచారింపక కులమును విచారించెను. అచ్చటనే అన్యాయము ప్రారంభమైనది.

1871లో మొదటి నేరజాతుల చట్టము ఉత్తర హిందూస్థానమున అమలునకు వచ్చెను. దానిని సమర్థించినవారి వాదము మిక్కిలి సులభమైనది: ఈ దేశమున వడ్రంగి కొడుకు వడ్రంగి యగును, నేతగాని కొడుకు నేతగాడగును, అట్లే దొంగ కొడుకు దొంగయే యగును, నేరము వారి కులవృత్తి. ఈ వాదము దొరలదే యని మనము చేతులు కడిగికొనవచ్చునా? పుట్టుకనుబట్టి గుణము, పుట్టుకనుబట్టి వృత్తి, పుట్టుకనుబట్టి గౌరవము అను పాఠము వారికి నేర్పినదెవరు? మన సంఘము పరచిన పునాదిపైననే వారు జైలుగోడ కట్టిరి. కులవ్యవస్థను ఖండించు సంస్కర్తలు ఈ సంగతిని మఱువరాదని మా మనవి.

1911లో ఈ చట్టమును తిరిగి వ్రాసి మద్రాసు రాజధానికిని వర్తింపజేసిరి. 1924లో దానిని మఱల క్రోడీకరించిరి. దాని పద్ధతి యిట్టిది. ఒక జాతిగాని, ఒక ముఠాగాని, ఒక తెగగాని అలవాటుగా నేరములు చేయుచున్నదని ప్రభుత్వము తలంచినచో, గెజెటులో ప్రకటన చేయును. అంతట ఆ జాతివారి పేర్లు జాబితాకెక్కును. వారి వ్రేలిముద్రలు తీసికొందురు. వారు నియమిత వేళలకు హాజరు పలుకవలెను. ఊరు విడిచిపోవలెనన్నచో తెలియజేయవలెను. ఒక హద్దు దాటిపోరాదని ఆజ్ఞ యైనచో దాటరాదు. అవసరమని తోచినచో వారిని సెటిల్మెంటు అను నిర్బంధ నివాసములలో నుంచవచ్చును. పిల్లలను తల్లిదండ్రులనుండి వేరుచేసి పారిశ్రామిక పాఠశాలలలోగాని, సంస్కరణాలయములలోగాని పెట్టవచ్చును. కొన్ని నేరములకు రెండవమారు శిక్షపడినచో, ప్రత్యేక కారణములు లేనియెడల, ఏడేండ్లకు తక్కువకాని ఖైదు. మూడవమారు యావజ్జీవ ద్వీపాంతరవాసము. అదే నేరము వేఱొక కులమువాడు చేసినచో ఈ లెక్క వర్తింపదు.

వీనిలో మిక్కిలి క్రూరమైనది హాజరు గాదు, వ్రేలిముద్ర గాదు, ఖైదును గాదు. ఆ ప్రకటన న్యాయమా, అన్యాయమా యని ఏ న్యాయస్థానమును ప్రశ్నింపరాదని చట్టములోనే వ్రాసిరి. దొంగయని ఆరోపింపబడినవానికి సాక్ష్యము గలదు, వకీలు గలడు, అపీలు గలదు. దొంగజాతియని ప్రకటింపబడినవానికి ఇవేవియు లేవు. “నేనెన్నడును దొంగిలింపలేదు” అను మాట అతని విషయమున జవాబే గాదు. ఏలయన అతడు దొంగిలించెనని యెవ్వరును చెప్పలేదు. పుట్టెనని మాత్రమే చెప్పిరి. పుట్టలేదని ఋజువు చేసికొనుట ఎవ్వరి తరము?

ఆంధ్రదేశమున ఈ చట్టము గుర్తులు నేటికిని ఊళ్ల రూపమున నిలిచియున్నవి. బాపట్ల దగ్గఱ 1913 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణమున ఒక సెటిల్మెంటు ఏర్పడెను. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యుడైన హెరాల్డు స్టూవర్టు పేరిట దానికి స్టూవర్టుపురము అను పేరు కలిగెను. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషనువారి యాజమాన్యమున మఱియొకటి నడచెను. వీనియందు పాఠశాలలుండెను, వైద్యముండెను, కొందఱికి భూములును దొరకెను. మిషనువారిలో దయగలవారు లేరనుట సత్యము గాదు. కాని బయటికి పోవుటకు చీటి కావలసిన బడి బడి యగునా? చీరాలలో పొగాకు కంపెనీ వెలసినప్పుడు స్టూవర్టుపురమువారు అచ్చటి కూలీలైరి. కూలి పనికి రాకపోవుటకును చట్టముల భయముండుట యజమానికి ఎంత సదుపాయమో చదువరులు ఊహింపగలరు. నేరమును మాన్పుటకని కట్టిన కంచె చౌక కూలిని నిలుపు కంచెయు నయ్యెను.

ఈ చట్టము చేసిన దొరల దేశమున నిర్బంధమునకు విరుద్ధమైన రక్షణలు తక్కువవి గావు. 1215లో వారి ప్రభువులు తమ రాజుచేత మాగ్నాకార్టా వ్రాయించుకొనిరి: దేశపు చట్టము ప్రకారము తప్ప స్వతంత్రుని పట్టి బంధింపరాదు. 1679లో హెబియస్ కార్పస్ చట్టము చేసికొనిరి: బంధితుని న్యాయాధిపతి యెదుటికి తెచ్చి, ఏ కారణమున బంధించితివో చెప్పుమని జైలరు నడుగు హక్కు. తమ యింట 1679 చట్టమును దేవతార్చనవలె కాపాడుకొన్నవారే, మన యింట 1871 చట్టమును వ్రాసిరి. దీనినిబట్టి ఒక నీతి తెలియుచున్నది: స్వాతంత్ర్య రక్షణలు అక్షరములయందు లేవు, అవి యెవరికి వర్తించునను నిర్ణయమునందున్నవి. సమానత్వము లేని స్వాతంత్ర్యము కొందఱి ఆస్తియే గాని ధర్మము గాదు.

ఇక కృష్ణకు ఈవలి యొడ్డు సంగతి. నైజాం పోలీసులును లంబాడీలను అనుమానించి వారి తండాలపై నిఘా నుంచిరి. ఈ చరిత్రను ఆచార్య భంగ్యా భూక్యా తన పరిశోధన గ్రంథమున విపులముగా వివరించియున్నారు. ఇచ్చట తక్కిన ప్రజలకును స్వేచ్ఛ గొప్పగా లేదు. గస్తీ నిషాన్ 53 అను ఉత్తరువుచే, అనుమతి లేనిదే సభ జరుపుట గూడదయ్యెను. వెట్టి మున్నగు బాధలపై లేచిన రైతాంగ పోరాటమున నల్లగొండ జిల్లా ముందు నిలిచెను. 1948 సెప్టెంబరున నైజాం పాలన ముగిసి సైనిక ప్రభుత్వము వచ్చిన పిమ్మటను పోరాటము ఆగలేదు; నిర్బంధములును ఆగలేదు. ఆ కేసులను విచారించుటకు స్పెషల్ ట్రిబ్యునళ్లు ఏర్పడెను.

వానిచేత పండ్రెండుగురికి మరణశిక్ష పడెను. హైదరాబాదు హైకోర్టు 1949 డిసెంబరులో శిక్షలను స్థిరపరచెను. 1950 జనవరి 26న రాజ్యాంగము అమలునకు వచ్చెను. నిందితులు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. ఇంగ్లండునుండి వచ్చిన డి. ఎన్. ప్రిట్టు అను న్యాయవాది వారి పక్షమున వాదించెను. కాని హైకోర్టు తీర్పు రాజ్యాంగమునకు పూర్వపుది కావున తమకు దానిని విచారించు అధికారము లేదని న్యాయమూర్తులు భావించిరి. 1951 మార్చిలో హెబియస్ కార్పస్ దరఖాస్తులును కొట్టివేయబడెను. తుదకు ఉరిశిక్షలు యావజ్జీవముగా మారెను. కొన్ని వారముల వ్యత్యాసము మనుష్యుని ప్రాణమునకును న్యాయరక్షణకును నడుమ గోడయై నిలిచెను. న్యాయమునకు ఒడ్డు గలదని ఇదివఱకు చెప్పితిమి. దానికి తేదీయు గలదని ఈ కేసు చెప్పుచున్నది.

నేరజాతుల చట్టము ఎట్లు తొలగెను? ఎవ్వరో దయదలచి తీసివేయలేదు. నెల్లూరు సీమలో యానాదుల సేవకు జీవితమును ధారపోసిన వెన్నెలకంటి రాఘవయ్యగారివంటివారు ఏండ్ల తరబడి దీనికై పాటుపడిరి. మద్రాసు రాష్ట్రము 1947లో తన మేరకు చట్టమును రద్దుచేసెను. 1949లో కేంద్ర ప్రభుత్వము మన తెలుగుదేశపువారైన అనంతశయనం అయ్యంగారి అధ్యక్షతన ఒక విచారణ సంఘమును నియమించెను. ఆ సంఘము చట్టము రద్దు కావలెననియు, కులముతో నిమిత్తము లేక, అలవాటు నేరస్థులకు మాత్రము వేరు శాసనముండవచ్చుననియు సిఫారసు చేసెను. 1952 ఆగస్టు 31న చట్టము దేశమంతటను రద్దయ్యెను. ఆనాటినుండి ఆ జాతులకు విముక్త జాతులని పేరు. స్వరాజ్యము తక్కిన మనకు 1947లో వచ్చెను. వారికి మఱి అయిదేండ్లకు వచ్చెను.

రాజ్యాంగము ఈ విషయమున మనకిచ్చిన రక్షణలను గృహస్థులందఱును తెలిసికొని యుండవలెను. 14వ అధికరణము చట్టము యెదుట అందఱును సమానులనుచున్నది. 15వది మతము, జాతి, కులము, లింగము, జన్మస్థలము అను కారణములచేత ప్రభుత్వము వివక్ష చూపరాదనుచున్నది. 21వది చట్టవిహితమైన పద్ధతి ప్రకారము తప్ప ప్రాణమునుగాని వ్యక్తిస్వేచ్ఛనుగాని హరింపరాదనుచున్నది. 22వది పట్టుకొన్నవానికి కారణము చెప్పవలెననియు, వకీలుతో ఆలోచించుకొననీయవలెననియు, ప్రయాణకాలము మినహా 24 గంటలలో మేజిస్ట్రేటు యెదుట హాజరుపెట్టవలెననియు విధించుచున్నది. హక్కునకు భంగము కలిగినచో 32వ అధికరణము సుప్రీంకోర్టు తలుపును, 226వది హైకోర్టు తలుపును తెఱచియుంచినవి.

అయితే 22వ అధికరణములోనే ఒక సందు గలదు. ముందుజాగ్రత్త నిర్బంధమునకు, అనగా నేరము జరుగకమునుపే జరుగునను శంకతో పట్టి యుంచుటకు, 24 గంటల నియమము వర్తింపదు. మూడు మాసములకు మించి యుంచవలెనన్నచో మాత్రము సలహామండలి అంగీకారము కావలెను. 1950 మే 19న మద్రాసు రాష్ట్రముపై ఏ. కె. గోపాలన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు ముందుజాగ్రత్త నిర్బంధ చట్టమును చాల మట్టుకు నిలబెట్టెను. పద్ధతి న్యాయమైనదా యని చూడనక్కఱలేదు, చట్టసభ చేసినదైన చాలునని అధిక సంఖ్యాకుల యభిప్రాయము. న్యాయమూర్తి ఫజల్ ఆలీగారు మాత్రము భేదించిరి. ఆ యొంటరి గొంతుక చెప్పినదానికి చేరువైన మాటనే 1978లో మేనకాగాంధీ కేసులో అదే న్యాయస్థానము అంగీకరించెను: పద్ధతి న్యాయముగాను, సమంజసముగాను ఉండవలెను. ఒక్క న్యాయమైన మాట గెలుచుటకు 28 ఏండ్లు పట్టెను.

జాతినిబట్టి నిర్బంధించు దోషము మన దేశమునకే పరిమితమైనది గాదు. 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు రూజ్వెల్టు చేసిన ఆజ్ఞవలన సుమారు 1,20,000 మంది జపానువంశీయులు శిబిరముల పాలైరి. వారిలో మూడింట రెండువంతులు ఆ దేశపు పౌరులే. 1944లో కోరెమాత్సు కేసులో అచ్చటి ఉన్నత న్యాయస్థానము ఆ చర్యను సమర్థించెను. 1971లో, శాసనసభ చట్టము లేక పౌరుని నిర్బంధింపరాదని అచ్చట శాసనము చేసిరి. 1988లో క్షమాపణ చెప్పి, బ్రదికియున్న బాధితుల కొక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చుటకు నిశ్చయించిరి. మనమును నిర్దోషులము గాము. 1962లో చైనాతో యుద్ధము వచ్చినప్పుడు చైనావంశీయులను వేలకొలదిగా రాజస్థానములోని దేవళీ శిబిరమునకు పంపితిమి. అమెరికావారు చెప్పిన క్షమాపణ మనము వారికి చెప్పితిమా? భయము వచ్చినప్పుడు ప్రభుత్వములు మొదట వెదకునది సాక్ష్యమును గాదు, ముఖమును.

చట్టము పోయినను దాని నీడ పోలేదు. అయ్యంగారి సంఘము చెప్పిన సూత్రము మంచిదే: కులమును గాక క్రియను చూడుము. మద్రాసు రాష్ట్రము 1948లోను, ఆంధ్రప్రదేశ్ 1962లోను అలవాటు నేరస్థుల చట్టములు చేసెను. కాని కొత్త పుస్తకము తెఱచిన గుమాస్తా పాత పుస్తకమును ప్రక్కను పెట్టుకొనియే వ్రాసెను. పోలీసు దస్తరములలో దోపిడికాండ్రకు వాడిన రెండు ఇంగ్లీషు అక్షరములు కే, డీ. అవియే కలిసి “కేడీ” యను తిట్టై మన భాషలో స్థిరపడెను. ఒక పోలీసు సంకేతము తల్లులు అల్లరి పిల్లలను గదమాయించు మాటయగుట వినోదము గాదు. ఆ మాట అన్నప్పుడెల్ల ఎవరి తాత పేరు ఆ పుస్తకములో నుండెనో తలంచుకొనుట మంచిది.

ముందుజాగ్రత్త నిర్బంధమును మనకు దూరపు సంగతి గాదు. 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన చట్టము, నాటుసారా అమ్మువారు, బందిపోట్లు, గూండాలు మున్నగువారిని విచారణ లేకయే ఒక సంవత్సరము వరకు నిర్బంధించుటకు అధికారమిచ్చుచున్నది. తెలంగాణమునందు దానినే పి.డి. యాక్టు అందురు. సాధారణ చట్టము చాలినచోట సయితము దీనిని ప్రయోగించుచున్నారని 2023 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తెలంగాణ పోలీసులను గట్టిగా మందలించెను. శాంతిభద్రతలకు కలిగిన చిన్న భంగము వేఱు, ప్రజాజీవితమునే కలచివేయు ఉపద్రవము వేఱు అను భేదమును పాటింపుడని చెప్పెను. ఈ భేదము పాటింపనిచోట ముందుగా నలిగిపోవువాడు వకీలును పెట్టుకొనలేనివాడే.

దీనికి మందు చట్టమొక్కటేనా? కాదని ఒక స్త్రీ చూపినది. మహాకవి జాషువ కుమార్తె హేమలతా లవణంగారు తన భర్త లవణంగారితో గూడి, విజయవాడ నాస్తిక కేంద్రము పక్షమున, 1970ల నడుమ స్టూవర్టుపురము వెళ్లిరి. అస్పృశ్యతను స్వయముగా నెఱిగిన ఇంటి ఆడుపడుచు ఆమె. నేరస్థుల భార్యలతో, తల్లులతో, పిల్లలతో కలసిమెలసి, వారి వంటయిండ్లలో కూర్చుండి, మాటలాడి, కొత్త బ్రదుకునకు త్రోవ చూపిరి. పోలీసు లాఠీ అఱువది యేండ్లలో చేయలేనిదానిని నమ్మకము చేయనారంభించెను. నమ్మిన మనుష్యుడు మాఱును. అనుమానింపబడిన మనుష్యుడు ఆ యనుమానమునకు తగినవాడగును.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఈ చరిత్రలో మఱియొక పుటను వ్రాసినది. పత్రికారచయిత్రి సుకన్యా శాంత వేసిన వ్యాజ్యములో, ఖైదీలకు కులమునుబట్టి ఊడ్పు, వంట మున్నగు పనులు పంచు జైలు నియమములను కొట్టివేసినది. జైలు పుస్తకములలో కులపు గడిని తీసివేయుమన్నది. సంచార జాతులను, విముక్త జాతులను పుట్టుకనుబట్టి అలవాటు నేరస్థులుగా నెంచు నియమములు రాజ్యాంగవిరుద్ధములని చెప్పినది. ఆ జాతులవారిని ఇష్టానుసారము అరెస్టు చేయరాదని పోలీసులకును ఆజ్ఞాపించినది. 1952లో చట్టపుస్తకమునుండి తీసివేసిన మాట, జైలు పుస్తకములలో 72 ఏండ్లు తలదాచుకొని యుండెనన్నమాట!

ఇంతకును గృహస్థులము మనము చేయదగినదేమి? మొదట, తెలిసికొనవలెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహిత ప్రకారమును, 1996లో డి. కె. బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమముల ప్రకారమును, అరెస్టునకు కారణము చెప్పవలెను, సాక్షి సంతకముతో పత్రము వ్రాయవలెను, బంధువులకు తెలియజేయవలెను. 1987 నాటి న్యాయసేవా చట్టము షెడ్యూల్డు కులములకు, తెగలకు, స్త్రీలకు, నిర్బంధములో నున్నవారికి ఉచితముగా వకీలు నిచ్చుచున్నది. షెడ్యూల్డు కులములవారిపైగాని తెగలవారిపైగాని ఇతరులు దురుద్దేశముతో అబద్ధపు కేసు పెట్టుట 1989 నాటి అత్యాచార నిరోధక చట్టము ప్రకారము శిక్షార్హము. తెలంగాణ ప్రాంతమున ఎరుకలను, లంబాడీలను షెడ్యూల్డు తెగలుగా గుర్తించినది 1976 నాటి చట్టము. ఏరు దాటినప్పుడు హక్కు మారు దుస్థితి అప్పటికిగాని తీరలేదు.

రెండవది, చెప్పవలెను. ఊరిలో దొంగతనము జరిగినప్పుడు ఠాణాకు పోయి “వారే చేసియుందురు” అని కులము పేరు చెప్పు పెద్దమనుష్యుడు, తానెఱుగకయే 1871 చట్టమును మఱల అమలుపరచుచున్నాడు. చూచినది చెప్పుము, విన్నది వేఱుగా చెప్పుము, ఊహించినది చెప్పకుము అని మన పిల్లలకు నేర్పుదము. పనిమనిషిని పనికి పెట్టుకొనునప్పుడు కులమడుగుట, బుట్టలమ్మునది వాకిట నిలిచినప్పుడు లోపలి గది గొళ్లెము వేయుట, బడిలో ఏదైన పోయినప్పుడు మొదట తండా పిల్లవాని సంచి వెదకుట, ఇవి చిన్న పనులుగా కన్పట్టును. కాని పెద్ద చట్టములు ఇట్టి చిన్న పనులనుండియే పుట్టినవి. వానిని చంపవలసినదియు ఇచ్చటనే.

న్యాయరక్షణ అను గోడను న్యాయస్థానములు కట్టగలవు. దానికి కావలి యుండవలసినవారము మనము. వచ్చు శివరాత్రికి మేళ్లచెరువు తిరునాళ్లలో ఎరుకలసాని మన చేయి పట్టి మంచి రోజులు వచ్చునని చెప్పినప్పుడు, ఆమె పిల్లవానికిని అవి వచ్చునా యని ఒక్కసారి మనలను మనము ప్రశ్నించుకొందము. ఆ ప్రశ్నకు జవాబు ఆమె ఎరుకలో లేదు. మన నడతలో నున్నది.